జీఎస్టీ నంబరు ఉన్నంత మాత్రాన సంస్థ రిజిస్టరైనట్టు కాదు

ప్రశ్న: విజయవాడలో నాన్నగారు, అన్నయ్య, నేను కలిసి చిన్న సంస్థ నడుపుతున్నాం. ఆస్పత్రులకు, అపార్ట్‌మెంట్లకు మంటలార్పే సిలిండర్లు, స్మోక్ డిటెక్టర్లు, సీసీ కెమెరాలు అమర్చి మెయింటెనెన్స్ చూస్తాం. సిబ్బందికి ఫైర్ డ్రిల్ నేర్పుతాం. 2016లో స్టాంపు పేపరు మీద పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకుని నోటరీ చేయించాం. జీఎస్టీ ఉంది, 2023 ఆగస్టులో ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) కూడా చేయించాం. 2022 జూన్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి 6,85,000 రూపాయల పని చేశాం. 2023 సెప్టెంబరు 9న రెండు లక్షలకు చెక్కు ఇచ్చారు, అది పాసైంది. మిగతాది ‘వచ్చే నెల’ అంటూ వాట్సాప్‌లో తిప్పుతున్నారు. అదే ఏడాది నవంబరులో వాళ్ల స్విచ్‌బోర్డు గదిలో మంటలు లేస్తే మా సిలిండర్లతోనే ఆర్పారు. మెచ్చుకుంటూ ఎండీ ఉత్తరం కూడా ఇచ్చారు. ప్రాణాలు కాపాడినందుకు ఇదా ప్రతిఫలం? అమ్మ నగలు తాకట్టులో ఉన్నాయి. గడువు దాటిందేమోనని, అక్కడ మానేసిన మేనేజరు చేత పాత తేదీతో బాకీ పత్రం రాయిద్దామని అన్నయ్య అంటున్నాడు. ఏడాదిగా అక్కడికి ఇద్దరు నైట్ గార్డులను కూడా పంపుతున్నాం. కేసు వేస్తే గెలుస్తామా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట మంటల గురించీ కాదు, నగల గురించీ కాదు. డీడ్ నోటరీ చేయించామన్నారు చూశారా, అదీ అసలు సంగతి. ఆ సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేయించారా? మీ దగ్గరున్న కాగితాలన్నీ చెప్పి ఆ సర్టిఫికెట్ మాట ఎత్తలేదు కాబట్టి, చేయించలేదనే అనుకుని జవాబిస్తున్నాను.

భాగస్వామ్య చట్టం 1932, సెక్షన్ 69(2) ప్రకారం రిజిస్టర్ కాని సంస్థ తన కాంట్రాక్టు హక్కు కోసం బయటివారి మీద దావా వేయడానికి వీల్లేదు. వంద రూపాయలు దాటని చిన్న క్లెయిములకు మినహాయింపు ఉంది, మీది అందులోకి రాదు. అంటే మీరు రేపే దావా వేస్తే, ఆస్పత్రి బాకీ ఉందా లేదా అన్న విచారణ దాకా కూడా పోకుండా అవతలి న్యాయవాది ఈ ఒక్క అభ్యంతరంతో దాన్ని కొట్టేయిస్తాడు. దావా వేశాక రిజిస్టర్ చేయించుకుంటే ఆ లోపం మానదని సుప్రీంకోర్టు ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ, కొచ్చర్ కన్‌స్ట్రక్షన్ కేసులో 1998లో చెప్పింది. లక్షల బిల్లులు రాసే సంస్థ ఇన్నేళ్లుగా ఈ పని చేయించకపోవడం క్షమించదగ్గ అజాగ్రత్త కాదు. జీఎస్టీ పన్ను కోసం, నోటరీ సంతకాల కోసం. సెక్షన్ 69 ముందు రెండూ పనికిరావు.

అయితే దావాకు ముందు రిజిస్టర్ చేయించుకుంటే పాత బాకీకి కూడా కేసు వేయవచ్చు, గడువు మిగిలి ఉంటే. అందుకే తేదీలు చూద్దాం. సరుకుకూ పనికీ మూడేళ్ల గడువు, కాబట్టి 2022 జూన్ బిల్లుకు అది 2025 జూన్‌తో తీరిపోవాలి. మిమ్మల్ని కాపాడింది ఆ రెండు లక్షల చెక్కు. దావాల గడువు చెప్పే లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 కింద గడువులోపు కొంత బాకీ చెల్లిస్తే, ఆ చెల్లింపునకు బాకీదారు రాతగానీ సంతకంగానీ ఉంటే, అక్కడి నుంచి కొత్తగా మూడేళ్లు లెక్క. సంతకం చేసిన చెక్కు అలాంటి రాతే. కాబట్టి మీకు 2026 సెప్టెంబరు 9 దాకా గడువుంది. పాసైన చెక్కు మీ దగ్గర ఉండదు, మీ బ్యాంకుకు అర్జీ పెట్టి దాని నకలు, ఆ రోజు స్టేట్‌మెంటు ఈ వారమే తెప్పించుకోండి. ఆ సొమ్ము ఏ బిల్లు కింద జమ చేశారో మీ లెడ్జరులో కనబడాలి.

ఇక మీ అన్నయ్య ఆలోచన. దాని జోలికి పోవద్దు. ఉద్యోగం మానేసిన మనిషికి ఆస్పత్రి తరఫున బాకీ ఒప్పుకునే అధికారం లేదు. అతను ఏ రోజు మానేశాడో వాళ్ల హాజరు, జీతం రికార్డులే చెబుతాయి. పాత తేదీతో పత్రం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఫోర్జరీ, దాన్ని కోర్టులో అసలుదిగా చూపడం సెక్షన్ 340 కింద మరో నేరం. రావాల్సిన డబ్బు కోసం తిరుగుతున్న మీరు ముద్దాయిలుగా నిలబడాల్సి వస్తుంది. పైగా చెక్కుతోనే గడువు బతికి ఉన్నప్పుడు ఆ పత్రం అవసరమే లేదు. డబ్బివ్వలేదు కదా అని సిలిండర్లు విప్పుకొచ్చే ఆలోచన కూడా చేయవద్దు. సరుకు అప్పగించాక అది వాళ్లదే, రోగులున్న చోట తీసేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

మీరు మెచ్చుకోలుగా దాచుకున్న ఎండీ ఉత్తరం మంచి సాక్ష్యం. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద, సంతకంతో, తేదీతో ఉండి, మీరు అమర్చిన సిలిండర్లు పనిచేశాయని అందులో ఉంటే, సరుకు అందలేదనో నాసిరకమనో వాళ్లు ఇక అనలేరు. పర్చేజ్ ఆర్డరు, డెలివరీ చలానా, ఇన్‌స్టలేషన్ రిపోర్టు దానికి జత చేయండి. చలానా మీద వాచ్‌మన్ గీసిన సంతకమే ఉంటే, మెయింటెనెన్స్‌కు వెళ్లినప్పుడు ప్రతి సిలిండరు మెడకు కట్టిన మీ సంస్థ ట్యాగును, సీరియల్ నంబరు, రీఫిల్ తేదీ, తర్వాతి గడువు కనబడేలా ఫొటో తీయండి. మీ పేరున జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్ కూడా తెరిచి చూడండి. ఆస్పత్రి మీ బిల్లు మీద టీడీఎస్ కట్టి ఉంటే అందులో కనిపిస్తుంది, పని జరిగిందని వాళ్ల లెక్కలే ఒప్పుకున్నట్టు. వాట్సాప్ మాటల మీదే బరువంతా పెట్టకండి. వాటిని దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) కింద, ఆ ఎలక్ట్రానిక్ రికార్డు గురించిన సర్టిఫికెట్ కావాలి. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి.

ఉద్యమ్ ఉంది కదా, చిన్న సంస్థల బాకీ తగాదాలు చూసే ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌కు వెళ్దామా అని మీకు తోచవచ్చు. మీ ఉద్యమ్ 2023 ఆగస్టుది, పని 2022 జూన్‌ది. సరఫరా తర్వాత చేసుకున్న రిజిస్ట్రేషన్ పాత బిల్లులకు వర్తించదని సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ కాలం పోగొట్టుకోకండి.

చేయాల్సింది ఇదీ. ముగ్గురూ సంతకాలు చేసి, డీడ్‌తో సహా జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో సంస్థ రిజిస్ట్రేషన్‌కు వెంటనే దరఖాస్తు చేయండి. డీడ్‌లో ఉన్న ముగ్గురి పేర్లూ రిజిస్టరులోకి ఎక్కాయో లేదో నకలు తీసుకుని చూసుకోండి. బాకీ మూడు లక్షలు దాటింది కాబట్టి ఇది కమర్షియల్ కోర్టు వ్యవహారం, దావాకు ముందు న్యాయసేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఆ దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయలు. రిజిస్ట్రేషన్ నడుస్తుండగానే ఇది మొదలుపెట్టవచ్చు, మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు. ఆస్పత్రిని నడిపేది కంపెనీయా, ట్రస్టా, ఒక డాక్టరా అన్నది పర్చేజ్ ఆర్డరు చూసి తేల్చుకుని ఆ పేరు మీదే నోటీసు పంపండి. రిజిస్టరులో పేర్లు ఎక్కనిదే దావా కాగితం కోర్టు కౌంటరు దాటకూడదు.

నైట్ గార్డుల బిల్లు ఈ క్లెయిములో కలపకండి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005 కింద లైసెన్సు ఉందా? లేకుండా గార్డులను పంపడం సెక్షన్ 20 కింద నేరం, ఏడాది దాకా జైలు, లేదా 25,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేకపోతే ఇవాళే ఆ ఇద్దరినీ వెనక్కి పిలిచి, పోలీసు వెరిఫికేషన్, శిక్షణ కాగితాలతో దరఖాస్తు చేయండి.

ఆస్పత్రి మెయింటెనెన్స్ మానేయాలనుకుంటే చెప్పకుండా మానేయవద్దు. ఒప్పందంలో రాసిన నోటీసు వ్యవధి ఇచ్చి, ఏ సిలిండరు రీఫిల్ గడువు ఏ తేదీతో తీరుతుందో పట్టిక జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. రేపు అక్కడ మళ్లీ మంటలు లేస్తే మీరు చూపించగలిగింది ఆ రసీదే.