టీకొట్టు తగాదా, రద్దయిన నోట్లు

ప్రశ్న: మా తాతగారు రంగూన్ నుంచి తిరిగి వచ్చినవారు. 1988లో బర్మా విద్యార్థుల తిరుగుబాటు టీకొట్టులో జరిగిన గొడవతో మొదలైందని ఆయన అంటూ ఉండేవారు. అది నిజమేనా?
– ఒక పాఠకురాలు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నిజమేనమ్మా, కానీ మంట రాజుకోవడానికి కావలసినదంతా అప్పటికే పోగుపడి ఉంది. 1962 మార్చిలో అధికారాన్ని చేజిక్కించుకున్న జనరల్ నే విన్ ప్రభుత్వం, ఆ జూలై 7న రంగూన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులపై కాల్పులు జరిపించి, మర్నాడు వారి సంఘ భవనాన్నే పేల్చివేసింది. 1987 సెప్టెంబరులో 25, 35, 75 చాట్ల (చాట్ అంటే బర్మా కరెన్సీ) నోట్లను ఏ పరిహారమూ లేకుండా రద్దు చేయడంతో, ఫీజు కోసం దాచుకున్న డబ్బు విద్యార్థుల చేతుల్లోనే చిత్తుకాగితమైపోయింది. కొత్తగా వచ్చినవి 45, 90 చాట్ల నోట్లు, అంటే రెండూ తొమ్మిదో ఎక్కంలోని అంకెలే. తొమ్మిది అంకెపై నే విన్‌కు ఉన్న నమ్మకమే అందుకు కారణమని అంటారు. దేశపు ఖజానా జాతకంతో నడిచిందన్నమాట!

1988 మార్చి 12న టీకొట్టులో విద్యార్థులను కొట్టినవారిలో ఒక అధికారి కొడుకును పోలీసులు వదిలేయగా, మర్నాటి నిరసనపై జరిగిన కాల్పుల్లో ఫోన్ మా అనే విద్యార్థి మరణించాడు. జూలైలో నే విన్ పాలక పార్టీ అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నాడు. ఆగస్టు 8న విద్యార్థుల పిలుపుతో దేశమంతా వీధుల్లోకి వచ్చింది. సెప్టెంబరు 18న సైన్యం మళ్లీ నేరుగా అధికారం చేపట్టింది. వేలాది విద్యార్థులు థాయ్‌లాండ్ సరిహద్దు అడవుల దారి పట్టారు.