ప్రభుత్వ రీఫైనాన్స్ రుణంతో అపార్ట్‌మెంట్ కడుతుంటే ఇంధన పొదుపు షరతును ఎలా తీర్చాలి?

విజయవాడ శివారులో నలభై ఫ్లాట్ల పని పునాదుల దాకా వచ్చిందని, ప్రభుత్వ రీఫైనాన్స్‌తో, అంటే రుణ సంస్థకు ప్రభుత్వ బ్యాంకు సమకూర్చే సొమ్ముతో, ఇచ్చే హరిత గృహ రుణానికి ఇంధన పొదుపు ధ్రువపత్రం తెమ్మంటున్నారని, ఇది కాగితాలతో తీరే పనేనా లేక కట్టడంలోనే మార్పులు చేయాలా అని మీరు అడిగారు. గుంటూరులో ఇద్దరు భాగస్వాములతో కలిసి ఇలాంటి రుణంతోనే ఒక అపార్ట్‌మెంట్ కట్టాను. గదుల అమరిక మార్చనక్కరలేదు గానీ గోడలు, కిటికీలు, డాబా గురించి ఇప్పుడే నిర్ణయించుకోకపోతే తరువాత ఎన్ని కాగితాలు పెట్టినా ఫలితం ఉండదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే అనవసరపు బేరాలు తప్పుతాయి. కేంద్ర ప్రభుత్వానికి చెందిన నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2017లో ఫ్రెంచ్ అభివృద్ధి సంస్థ ఏఎఫ్‌డీ నుంచి 10 కోట్ల యూరోల రుణానికి ఒప్పందం చేసుకుని, సన్‌రెఫ్ పేరుతో హరిత గృహాల పథకం పెట్టింది. ఇలాంటి సొమ్ము గృహ రుణ సంస్థల ద్వారా వస్తుంది కాబట్టి, షరతును సడలించే అధికారం మన ఎదురుగా కూర్చున్న రుణాధికారికి ఉండదు. ఇది తెలియక మేము నెల రోజులు ఆ ఆఫీసు చుట్టూ తిరిగాము.

మమ్మల్ని ఎడ్జ్ అనే హరిత భవన ధ్రువపత్రం అడిగారు. మామూలు కట్టడంతో పోలిస్తే కరెంటులోనూ, నీటిలోనూ, సామగ్రి తయారీకి పట్టే ఇంధనంలోనూ విడివిడిగా కనీసం 20 శాతం ఆదా చూపాలన్నారు. నీటి సంగతి కుళాయిలు, ఫ్లష్ ట్యాంకులతో తేలిపోతుంది. సామగ్రి లెక్కకు మన ప్రాంతంలో దొరికే ఫ్లైయాష్ ఇటుక బాగా కలిసివస్తుంది. ఇబ్బందంతా కరెంటు దగ్గరే.

ఆ చిక్కు విప్పడానికి మాకు అక్కరకు వచ్చింది కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, అంటే నివాస భవనాల ఇంధన పొదుపు నియమావళి. గోడలు, కిటికీల గుండా ఇంట్లోకి చేరే వేడి, అంటే ఆర్‌ఈటీవీ, చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదని అది చెబుతుంది. విజయవాడ, గుంటూరు ఉక్కపోత వాతావరణ మండలంలోకి వస్తాయి. ఆ మండలపు గుణకాలతో, దిక్కుల తేడా పక్కన పెట్టి, ఒక ముతక లెక్క చూడండి. బయటి గోడల వైశాల్యంలో 15 శాతం మామూలు గాజు ఉండి, సన్‌షేడ్ లేకపోతే, ఆ గాజు గుండానే దాదాపు 9 వాట్లు వస్తాయి. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ మరో 9 వాట్లు తెస్తుంది. మొత్తం 18, అంటే తప్పినట్లే. అదే గోడను 200 మిల్లీమీటర్ల ఏఏసీ బ్లాకులతో, అంటే గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలతో, కడితే దాని వాటా మూడున్నర దగ్గరికి పడిపోయి, మొత్తం పన్నెండున్నరలో ఉంటుంది. మైవాన్ అనే అల్యూమినియం షట్టరింగ్‌తో పోసే ఆరంగుళాల కాంక్రీటు గోడ అయితే కిటికీలు లేకుండానే 15 దాటుతుంది. పని త్వరగా అవుతుందని మీ కాంట్రాక్టరు దాన్ని సూచిస్తే ఈ లెక్క ఆయన ముందు పెట్టండి.

కిటికీల విషయంలో సంహిత రెండు వైపులా లాగుతుంది. గాజు పెరిగితే వేడి పెరుగుతుంది. కానీ మన మండలంలో గాలి కోసం తెరుచుకునే భాగం కార్పెట్ ఏరియాలో ఆరో వంతు ఉండాలి. రెండు పలకల స్లైడింగ్ కిటికీలో సగమే తెరుచుకున్నట్లు లెక్క, రెక్కల కిటికీలో 90 శాతం. అందుకే మేము పడకగదుల్లో స్లైడింగ్ మానేసి రెక్కల కిటికీలు పెట్టించాము. దోమల జాలీని లోపలి వైపు మార్చవలసి వచ్చినందుకు కొనుగోలుదారులు కొంత గొణిగారు. దిక్కును బట్టి కూడా లెక్క మారుతుంది, పడమర గోడ గుణకం ఉత్తరపు గోడకు ఒకటిన్నర రెట్లు మించి ఉంటుంది. పడమర కిటికీలు తగ్గించమని వాస్తు సిద్ధాంతి చెప్పినప్పుడు జీవితంలో మొదటిసారి నేను మారుమాట లేకుండా ఒప్పుకున్నాను.

డాబా దగ్గర మాత్రం దెబ్బ తిన్నాము, తప్పు మాదే. స్లాబు మీద వేడిని ఆపే 40 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీట్లు పరిచిన రోజున వాన మబ్బు పట్టిందని, ఫోటోలు తీయకుండానే పైన కాంక్రీటు పోసి తెల్ల టైల్స్ వేసేశారు. ధ్రువపత్రం కోసం తనిఖీ చేసే ఆడిటరు వచ్చి, కింద షీటు ఉందనడానికి ఆధారమేమిటని అడిగారు. కొనుగోలు బిల్లు చూపితే, అది కొన్నట్లు చెబుతుంది గానీ పరిచినట్లు చెప్పదు కదా అన్నారు. చివరికి మెట్ల గది పక్కన ఒక చదరపు అడుగు టైలును గ్రైండరుతో కోయించి, నీలిరంగు షీటు అంచు బయటపడ్డాక దాని పక్కన టేపు పెట్టి ఫోటో తీశాము. ఆ అతుకు దగ్గర తొలి వానకే చెమ్మ దిగింది.

మీకు గోడలు ఇంకా లేవలేదు కాబట్టి డిజైన్ దశలో ఇచ్చే ప్రాథమిక ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు చేయవచ్చు. తుది పత్రం కట్టడం పూర్తయి, ఆడిటరు చూశాకనే వస్తుంది. రుణంలో ఏ విడత ఏ పత్రానికి ముడిపడి ఉందో మంజూరు లేఖలోనే రాయించుకోండి. మాకు చివరి విడత తుది పత్రం మీద ఆగింది. ఆ డాబా వ్యవహారం తేలేదాకా టైల్స్ వారికి, ఎలక్ట్రీషియన్‌కు మేము సొంత జేబు నుంచే ఇచ్చుకున్నాము.