స్కాలర్‌షిప్పు పత్రం మీద సంతకానికి ముందు

ప్రశ్న: కందుకూరు దగ్గర ఆరేళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఎమ్మెస్సీ, బీఈడీ చదివాను. ఇప్పుడు టెక్సాస్‌లో హెచ్4 వీసా (మావారి ఉద్యోగ వీసాను బట్టి భార్యగా నాకిచ్చిన వీసా) మీద ఇంట్లోనే ఉంటున్నాను. ఇక్కడ లెక్కలు, సైన్సు టీచర్లు కావాలనుకునేవారికి స్కాలర్‌షిప్పులు ఇస్తారట. నాకు వస్తుందా?

జవాబు: చెల్లెమ్మా, ఇప్పుడున్న వీసా మీద రాదు. ఆశపెట్టి తిప్పడం కన్నా ఈ మాట ముందే చెప్పడం మేలు.

మీరు విన్నది బహుశా నాయిస్ స్కాలర్‌షిప్పు. ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నాయిస్ పేరిట 2002 నుంచి ఉంది. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఆ డబ్బును విశ్వవిద్యాలయాలకు ఇస్తుంది, దరఖాస్తు చేయాల్సింది అక్కడే. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే ఇస్తారు. టీచరు చదువు చదివేవారికి అమెరికా ప్రభుత్వం ఏడాదికి 4,000 డాలర్ల వరకు ఇచ్చే టీచ్ గ్రాంటుకు కూడా హెచ్4 చాలదు.

గ్రీన్‌కార్డు వచ్చిన రోజున కూడా తొందరపడి సంతకం చేయకండి. నాయిస్ డబ్బు ఒక ఏడాది తీసుకుంటే, అవసరం ఎక్కువగా ఉన్నవిగా గుర్తించిన ప్రాంతాల బడుల్లో రెండేళ్లు పాఠం చెప్పాలి. టీచ్ గ్రాంటుకైతే 8 ఏళ్లలోపు 4 ఏళ్లు, పేద పిల్లలు ఎక్కువగా చదివే బడుల్లో. మాట తప్పితే అది అప్పవుతుంది. టీచ్ గ్రాంటుకు డబ్బు చేతికందిన రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. ఒంగోలు వైపు నుంచి వచ్చి ఈ గ్రాంటు తీసుకున్న ఒకామె మంచి బడిలో ఉద్యోగం వచ్చిందని సంతోషంగా చేరింది. గ్రాంటు షరతుకు లెక్కయ్యే బడుల ప్రభుత్వ జాబితాలో ఆ బడి లేదని తర్వాత తెలిసింది. ఆమె పాఠం చెప్పిన ఏళ్లేవీ లెక్కలోకి రాలేదు. చేరేముందు ఆ జాబితాలో బడి పేరును మీ కళ్లతో చూసుకోండి.

అయినా మీకు స్కాలర్‌షిప్పు ఒక్కటే దారి కాదు. మీవారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అనే దరఖాస్తు ఆమోదమైతే మీరు ఉద్యోగ అనుమతికి దరఖాస్తు చేయవచ్చు. అది వచ్చాక టెక్సాస్‌లో ప్రత్యామ్నాయ శిక్షణలో చేరి, సబ్జెక్టు పరీక్ష నెగ్గితే, మొదటి ఏడాది నుంచే జీతం తీసుకుంటూ పాఠం చెప్పవచ్చు. ఆరేళ్లు నల్లబల్ల ముందు నిలబడ్డ మీరు "ఇంట్లోనే ఉంటున్నాను" అని చెప్పుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఇక్కడ పిల్లలు మధ్యలో ఆపి "ఎందుకు?" అని అడుగుతారు. దాన్ని ఎదిరింపు అనుకోకండి, జవాబు చెప్పండి. ఇంగ్లీషు చివరి అక్షరాన్ని "జెడ్" అంటే అర్థం కాక చూస్తారు, "జీ" అనడం అలవాటు చేసుకోండి.

ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. మీ చదువు ఇక్కడి ఏ డిగ్రీకి సమానమో తేల్చే సంస్థకు మార్కుల పత్రాలు విశ్వవిద్యాలయం నుంచే అందాలి. మన ప్రాంతంలో తికమక ఇక్కడే వస్తుంది. ప్రకాశం జిల్లా కళాశాలలు నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి, నెల్లూరువి తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద. నెల్లూరుకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. 2022లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిసినా మీ డిగ్రీ మారదు. పట్టా మీద ఏ పేరుంటే అక్కడికే వెళ్లాలి. మీ అన్నగారో నాన్నగారో వెళ్లగలిగితే, వారికి అధికార పత్రం రాసి పట్టా నకలుతో సహా ఈ వారమే పంపండి.