పూసకు ఒక సూది, పోగుకు ఒక సూది

అమ్మాయీ,

పూసల పనికీ సన్నటి ఎంబ్రాయిడరీకీ ఒకే సూది సరిపోదా అని అడిగావు. సరిపోదు. బట్టలో కుట్టేటప్పుడు సూది ముందు వెళ్లి, వెనక వచ్చే దారానికి సరిపడా దారి చెయ్యాలి. అంటే బెజ్జం దగ్గర కాస్త వెడల్పు ఉండాలి. పూసలో ఆ వెడల్పే అడ్డం పడుతుంది, గాజు సాగదు కదా! ఈ తేడా మనసులో పెట్టుకుంటే ప్యాకెట్ల మీద ఎన్ని పేర్లు రాసున్నా కంగారు పడక్కర్లేదు.

ముందు అంకెల సంగతి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. పూసలకూ అదే లెక్క: 8 సైజు పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11 సైజు సుమారు 2, 15 సైజు సుమారు ఒకటిన్నర. అయితే నంబరును ఒకే రకం సూదుల మధ్యే పోల్చాలి. 24 నంబరు టాపెస్ట్రీ సూది (మొద్దు మొన, పెద్ద బెజ్జం ఉండేది), 10 నంబరు ఎంబ్రాయిడరీ సూది కంటే బాగా లావుగా ఉంటుంది. తయారీదారును బట్టి కూడా కొద్దిగా తేడా వస్తుంది. అందుకని ప్యాకెట్ మీద 12 అని ఉందని ధైర్యపడకు, నీ పూస ఎక్కించి చూసుకో.

ఆ చూసుకోవడం కూడా దారం ఎక్కించాకే. వట్టి సూది దూరింది కదా అని మొదలుపెట్టి సగంలో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. పూసలో ఇరుక్కునేది మొన కాదు, బెజ్జం ఉన్న చోటు. అక్కడ సూది లోహంతో పాటు మడతపడ్డ దారం రెండు వరసలుగా ఉంటుంది. పూసల సూదికి బెజ్జం పొడుగ్గా, ఇరుగ్గా ఉండేది అందుకే.

ఒక్కో పూసలోంచి దారం ఎన్నిసార్లు వెళ్లాలో కుట్టుకు ముందే లెక్కపెట్టు. బట్ట మీద వరసగా పూసలు కుట్టేటప్పుడు ఏం చేస్తాం? మూడు పూసలు ఎక్కించి, గీత మీద పడుకోబెట్టి, మూడోదాని చివర సూది కిందికి దించుతాం. రెండో పూసకూ మూడో పూసకూ మధ్య పైకి తెచ్చి, మూడోదానిలోంచి మళ్లీ పోనిస్తాం. అంటే మూడో పూసలో దారం రెండుసార్లు పడింది. 11 సైజు పూసకు ఇంతవరకూ 10 నంబరు సూది చాలు. అదే పూసలను వలలా అల్లితే ఒక్కోదానిలో మూడు నాలుగు వరసల దారం పడుతుంది. అప్పుడు 12 నంబరు, సన్న దారం కావాలి. 15 సైజు పూసలకు 12 గానీ 13 గానీ తీసుకో. 15, 16 నంబరు సూదులు కూడా ఉన్నాయి గానీ వాటికి దారం ఎక్కించేసరికి ఓపిక అయిపోతుంది, పైగా ఇట్టే వంగుతాయి. అవసరం పడితే తప్ప వాటి జోలికి పోకు.

సూది పూసలో బిగుసుకుంటే పటకారుతో లాగొద్దు. పూస పగులుతుంది, పగిలిన అంచు దారాన్ని కోస్తుంది, అప్పుడు వరసంతా విప్పాలి. వచ్చిన దారినే వెనక్కి తీసి, ఇంకో నంబరు సన్నటి సూదికి మార్చు. బెజ్జం మూసుకుపోయిన పూసలు ప్రతి పొట్లంలోనూ కొన్ని ఉంటాయి. ఎక్కించేటప్పుడే గట్టిగా తగిలినదాన్ని పక్కన పడెయ్, మొహమాటం లేదు.

పొడుగు విషయానికొస్తే, సుమారు 5 సెంటీమీటర్ల పొడుగు సూది దండ గుచ్చడానికి బాగుంటుంది, ఒకేసారి చాలా పూసలు పడతాయి. ఫ్రేములో బిగించిన బట్ట మీద మాత్రం అది మలుపు తిరగలేక వంగుతుంది. అక్కడ సుమారు 3 సెంటీమీటర్ల పొట్టిది వాడు. పూస 11 సైజో అంతకంటే పెద్దదో అయి, బట్ట గట్టిదైతే, 10 నంబరు షార్ప్ సూది, అంటే మామూలు చేతి కుట్టు సూది, ఇంకా నయం. గుండ్రటి చిన్న బెజ్జం, నిలబడే ఒళ్లు. మెలితిప్పిన తీగతో చేసిన సూది ముత్యాలు గుచ్చడానికే పనికొస్తుంది. దాని బెజ్జం ముత్యంలోకి వెళ్లేటప్పుడు నొక్కుకుపోతుంది. మొన లేదు కాబట్టి బట్టకు పనికిరాదు.

ఇక ఎంబ్రాయిడరీ. ఇక్కడ దారాన్ని బట్టి సూది. ఆరు పోగుల దారంలో ఒక పోగుకు 10 నంబరు ఎంబ్రాయిడరీ సూది, రెండింటికి 9 లేదా 8, మూడింటికి 7, ఆరూ కలిపితే 3 నుంచి 5. సూది మరీ సన్నమైతే ప్రతి కుట్టుకూ బట్ట దగ్గర దారం పట్టేసి, బెజ్జం దగ్గర నూగు లేస్తుంది. మరీ లావైతే కుట్టు పక్కన చిల్లు కనిపిస్తుంది. నేత బిగువుగా ఉన్న బట్టలో ఆ చిల్లు పూడదు. దారం ఒక మూర, అంటే 45 సెంటీమీటర్లు దాటనివ్వకు. జరీ దారమైతే 30 చాలు, సూది 22 లేదా 24 నంబరు షెనీల్, అంటే పెద్ద బెజ్జం, వాడి మొన ఉండే లావు సూది.

బులియన్ ముడికి, అంటే సూది చుట్టూ దారం చాలాసార్లు చుట్టి లాగే పొడుగు ముడికి, మాత్రం ఎంబ్రాయిడరీ సూది వాడొద్దు. చుట్లు బెజ్జం ఉబ్బు దగ్గర ఆగుతాయి, లాగితే లోపలివి నలిగి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. స్ట్రా సూది, మిల్లినర్స్ అని కూడా అంటారు, బెజ్జం దాకా ఒకటే మందం. చుట్లను బొటనవేలితో అదిమిపట్టి లాగితే జారి వరసగా కూర్చుంటాయి.

దారం ఎక్కడం లేదంటే ముందు సూదిని తిప్పి చూడు. బెజ్జం ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గరుగ్గా ఉండవచ్చు. దారం కొసను ఏటవాలుగా కత్తిరించి, గోటితో చదును చేసి, వేళ్ల మధ్య ఇంచుమించు కనపడనంతగా పట్టుకుని సూదినే దాని మీదికి తీసుకురా. దారం ఎక్కించడానికి వాడే మామూలు తీగ త్రెడర్ 12 నంబరు బెజ్జంలో పట్టదు, బలవంతం చేస్తే రెండూ పోతాయి.

మొన సంగతి తెలియాలంటే పట్టు ముక్కలో ఒకసారి గుచ్చి తియ్యి. పోగు లాగితే ఆ సూది పక్కన పెట్టెయ్. నల్లబడినా అంతే, తెల్లబట్ట మీద మరక దిగుతుంది. రాత్రి పని ఆపేటప్పుడు సూదిని ఫ్రేములోని బట్టకు గుచ్చి వదలకు, తేమకు తుప్పు మచ్చ పడుతుంది.

ఇప్పటికి పొట్టి పూసల సూదులు 10, 12 నంబర్లలో ఒక్కో ప్యాకెట్, 3 నుంచి 9 దాకా కలిపిన ఎంబ్రాయిడరీ సూదులది ఒకటి, స్ట్రా సూదులది ఒకటి కొనుక్కో. 12 నంబరువి మాత్రం రెండు ప్యాకెట్లు తీసుకో, వంగేవి ఎక్కువగా అవే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ