మా ఊళ్లో నది లేదు, మత్తడి ఉంది

టీచరమ్మను అడగండి
(ఉమ్మడి వరంగల్ జిల్లా సర్కారు బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరమ్మ పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మేడం, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి. ఆరో తరగతి దాకా తెలుగు మీడియం, ఏడు నుంచి ఇంగ్లీషు మీడియం. ఇంగ్లీషులో కథలు, నాటకం నాకు చాలా ఇష్టం. మొన్న పరీక్షలో నాటకం మీద జవాబు గైడులోది కాకుండా సొంతంగా రాసిన. ఐదుకు రెండు మార్కులొచ్చినయ్. గైడు బట్టీ పట్టిన మా ఫ్రెండుకు నాలుగు. సారును అడిగితే "నీ తెలివి ఎవరడిగిన్రు, గైడుల ఉన్నది రాయి" అన్నరు. బోర్డు పరీక్షలో ఏం రాయాలి? ఇంట్లో ఎంపీసీ తీసుకొమ్మంటున్నరు. నాకేమో ఇంగ్లీషు లిటరేచర్ చదవాలని ఉంది. అది కాన్వెంటు పిల్లలకేనా? నా జవాబు జిరాక్స్ పంపుతున్న.
- పరకాల దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి

జవాబు: బిడ్డా, నీ జిరాక్స్ రెండుసార్లు చదివాను. ముందు నీకు నచ్చని మాట చెప్పేస్తా. నేను దిద్దినా ఐదుకు ఐదు వేసేదాన్ని కాదు. మూడున్నర వేసేదాన్ని.

పాఠం తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. నాటకం పేరు 'ద డియర్ డిపార్టెడ్'. స్టాన్లీ హౌటన్ రాసిన ఏకాంకిక, 1908లో మాంచెస్టర్‌లో మొదటిసారి ఆడారు. పై గదిలో ముసలి తండ్రి చనిపోయాడనుకుంటారు. తోడబుట్టింది వచ్చేలోపు మిసెస్ స్లేటర్ అనే కూతురు ఆ గదిలోని సొరుగుల బల్లను కిందికి దింపించి తనదన్నట్టు పెట్టేస్తుంది. తండ్రి కొత్త చెప్పులు మొగుడికి తొడిగిస్తుంది. తీరా చూస్తే ముసలాయన చావలేదు, లేచి కిందికొస్తాడు. మిసెస్ స్లేటర్ ఎట్లాంటిదో రాయమని ప్రశ్న.

గైడులో ఏముంటుంది? ఆమె స్వార్థపరురాలు, ఆశపోతు, టక్కరిది, తండ్రి మీద ప్రేమ లేనిది. ఈ నాలుగు మాటలూ ఏ సీరియల్లో అత్తకైనా అతుకుతాయి. నువ్వేమో, "తండ్రి ఇంకా మంచం మీదే ఉన్నాడు, ఆయన చెప్పులు అప్పుడే అల్లుడి కాళ్లకు వచ్చేశాయి" అని రాశావు. అక్కడ నేను కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివాను. గైడు రాసినాయనకు తట్టని మాట అది.

మరి ఒకటిన్నర మార్కు ఎక్కడ పోయింది? 'షి గివ్' అని రాశావు, 'షి గివ్స్' అని ఉండాలి. పైగా 'స్లిప్పర్స్' ముందు ఏమీ పెట్టలేదు, 'బ్యూరో' (ఆ సొరుగుల బల్ల) ముందూ పెట్టలేదు. నీ పేజీ మొత్తంలో 'ద' ఒక్కసారి కనబడింది, అదీ నాటకం పేరులో ఉన్నది.

ఈ రెండూ తెలుగు పిల్లలందరూ చేసే తప్పులే. మన భాషలో వస్తాను, వస్తాడు, వస్తుంది, వస్తారు అని క్రియ ప్రతిసారీ తోక మారుస్తుంది. ఇంగ్లీషులో ఇట్లాంటి తోకలు చాలావరకు ఎప్పుడో ఊడిపోయి, వర్తమానంలో ఒక్క 'ఎస్' మిగిలింది. అదీ ఒక్కరి గురించో, ఒక్క వస్తువు గురించో చెప్పేటప్పుడే. ఇన్ని తోకలు మోసేదానివి, ఆ ఒక్కటీ మోయలేవా? కథల గురించి రాసేటప్పుడు వర్తమానంలో రాయడం ఆనవాయితీ కాబట్టి ఆ 'ఎస్' నీకు లైనుకొకటి తగులుతుంది.

'ద' సంగతి మీ నానమ్మ నీకు చిన్నప్పుడే నేర్పింది. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." మొదటిసారి 'ఒక', రెండోసారి 'ఆ'. 'ఎ', 'ద' చాలావరకు ఇంతే. కాకపోతే మనం ఒకసారి 'ఆ' అని ఊరుకుంటాం, ఇంగ్లీషువాడు కథ అయ్యేదాకా 'ద' అంటూనే ఉంటాడు. పేపరు ఇచ్చే ముందు 'ఎస్' కోసం ఒకసారి, 'ద' కోసం ఇంకోసారి వేలు పెట్టి చూసుకో. రెండూ ఒకేసారి వెతికితే రెండూ దొరకవు. నా అనుభవం.

సారు అన్నమాట నాకూ నచ్చలేదు. అయితే బోర్డు పరీక్షలో పట్టుదలకు పోకు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఏళ్లకేళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నా. ముందర పేపర్ల కట్ట, పైన తిరగని ఫ్యాను, ఏప్రిల్ ఎండ. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్లు ముందుగా 'సెల్ఫిష్' అనే మాట కోసం వెతుకుతాయి, అది కనబడితే నెమ్మదిస్తాయి. కాబట్టి మొదటి వాక్యంలో ఆ మాట పడేయి. వెంటనే చెప్పుల సంగతి రాయి. టక్కరిది అన్నావా, బల్ల దింపిన సంగతి రాయి. ఒకే గైడు జవాబు ఇరవైసార్లు చదివిన మనిషికి ఆ చెప్పులు కనబడితే ప్రాణం లేచొస్తుంది. బల్లకో, చెప్పులకో ముడిపెట్టలేని విశేషణాన్ని మాత్రం కొట్టెయ్.

నేనూ గైడు దించినదాన్నే. 1979లో నర్సంపేట దగ్గర మా బడిలో 'మై విలేజ్' మీద వ్యాసం రాయమన్నారు. "మా ఊరు ఒక అందమైన నది ఒడ్డున ఉంది. చుట్టూ కొబ్బరి చెట్లు" అని ఉన్నదున్నట్టు దించాను. మా సారు క్లాసులో పైకి చదివి, "లే. ఆ నదికి నన్ను తోలుకపో, తానం చేసొస్త" అన్నారు. అందరూ ఒకటే నవ్వు. మా ఊళ్లో ఉన్నది చెరువు. కొబ్బరి చెట్టు మందుకు కూడా లేదు, ఉన్నవన్నీ తాటి చెట్లు. ఏడ్చుకుంటూ మళ్లీ రాయడం మొదలుపెట్టాను. చెరువు నిండితే మత్తడి దుంకుతది, ఊరు ఊరంతా చూడబోతది, మొగోళ్లు వలలు పట్టుకుని దిగుతరు. ఇదంతా తలలో ఉంది కానీ 'మత్తడి' దగ్గర పెన్ను ఆగిపోయింది. దానికి ఇంగ్లీషేంది?

సారును అడిగితే, ఇరిగేషన్ కాగితాల్లో 'సర్‌ప్లస్ వియర్' అంటారని చెప్పి, "అట్ల రాస్తే ఇంజినీరు నోటీసు లెక్కుంటది. మత్తడి అనే రాయి. అది ఏం చేస్తదో రాస్తే అదేందో తెలుస్తది" అన్నారు. అప్పుడు రాశాను: "వెన్ ద ట్యాంక్ ఈజ్ ఫుల్, ద వాటర్ జంప్స్ ఓవర్ ద మత్తడి." దుంకుతది, జంప్స్. 'ఓవర్‌ఫ్లోస్' అని దిద్దుతారేమో అని ఆయన ఎర్ర పెన్ను వంకే చూస్తూ నిలబడ్డా. దిద్దలేదు. అంతకుముందు నేను రాసిన ఇంగ్లీషంతా ఎవరో రాసింది, నేను దించింది.

కాన్వెంటు పిల్లలకేనా అని అడిగావు కదా. నేను రిటైరయ్యే దాకా చెప్పిన పదో తరగతి పుస్తకంలో పి.సత్యవతి గారి కథ ఉండేది, 'వాట్ ఈజ్ మై నేమ్' అని. ఇంటి చాకిరీలో పడి సొంత పేరు మరిచిపోయిన ఇల్లాలి కథ. తెలుగులో దాని పేరు 'ఇల్లలకగానే...'. "పండగవుతుందా" అన్న మిగతా సగం సామెత మనకు దానంతటదే వినబడుతుంది. ఇంగ్లీషులో వినబడదు. అందుకే కాబోలు అక్కడ పేరే వేరు. ఒక ఏడాది ఈ పాఠం చెప్తుంటే వెనక బెంచీలో ఎప్పుడూ కునికిపాట్లు పడే పిల్లవాడొకడు లేచి, "మేడం, ఇది ఈగ కథ కదా" అన్నాడు. ఇల్లలుకుతూ అలుకుతూ పేరు మరిచిపోయి, ఊరంతా అడిగి అడిగి, చివరికి గుర్రం కడుపులో పిల్ల "ఇహీ" అని సకిలిస్తే 'ఈగ' అని గుర్తుకు తెచ్చుకున్న ఈగ. వాడు చెప్పేదాకా నాకు తట్టలేదంటే నమ్ముతావా? అన్నేళ్లుగా ఆ పాఠం చెప్తూ కూడా! లండన్ పిల్లవాడు ఆ కథ చదివితే ఒక ఆడమనిషి కష్టం తెలుస్తుంది. ఈగను తెలిసినవాడికి ఆ కష్టం పక్కనే ఉన్న ఎగతాళి కూడా తెలుస్తుంది. అదే పుస్తకంలో అరుణాచల్ రచయిత, మరాఠీ రచయిత, నైజీరియా కవి కూడా ఉన్నారు. వాళ్లెవరి తల్లి భాషా ఇంగ్లీషు కాదు.

ఎంపీసీ గొడవ ఇప్పుడే ఇంట్లో పెట్టుకోకు. ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా డిగ్రీలో బీఏ చేరొచ్చు. తర్వాత ఎంఏకు కాకతీయ యూనివర్సిటీ ఉంది, హైదరాబాదులో ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది. బీఈడీ చేస్తే నాలాగ బడికి పోవచ్చు. ఈ ముక్క మీ నాన్నకు వినబడేట్టు చదువు. లెక్కలంటే కడుపులో దేవినట్టుంటే మాత్రం హెచ్ఈసీ అని ఇప్పుడే గట్టిగా చెప్పెయ్. లేకపోతే రెండేళ్లు ఊరికే పోతాయి.

ప్రశ్న: మంచి డిక్షనరీ ఏది? ఫోన్లో చూస్తే సరిపోదా?
- తొమ్మిదో తరగతి విద్యార్థి, జమ్మికుంట

జవాబు: ఫోన్లో చూడొచ్చు నాన్నా. చూడ్డానికి తీసిన ఫోను రీల్స్ దగ్గర తేలకపోతే.

తెలుగు మాటకు ఇంగ్లీషు మాట ఒక్కటే ఇచ్చి ఊరుకునేది కొనకు. 'పెట్టు' సంగతే చూడు. ఒకడు 'పుట్' అని నేర్చుకుని, అమ్మ అన్నం పెట్టింది అనడానికి 'మై మదర్ పుట్ రైస్' అని రాశాడు. అన్నం పెడితే 'సర్వ్‌డ్', సంతకం పెడితే 'సైన్డ్', పేరు పెడితే 'నేమ్డ్', ముద్దు పెడితే 'కిస్డ్'. మన ఒక్క 'పెట్టు' చేసే పనికి వాళ్లకు నలుగురు కావాలి. ప్రతి మాట కింద ఒకటి రెండు పూర్తి వాక్యాలు ఉదాహరణగా ఇచ్చే డిక్షనరీ, విద్యార్థుల కోసం వేసింది, పాతదైనా ఫర్వాలేదు, కొనుక్కో. హనుమకొండ వచ్చినప్పుడు రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి కూడా ఒకసారి పో. 1904 నుంచి ఉన్న గ్రంథాలయం అది. మనవాళ్లు పుస్తకం కోసం ఎంత తిప్పలు పడ్డారో తెలుస్తుంది.

ప్రశ్న: టీచరమ్మా, నేను బీడీలు చుడుత. ఏడో తరగతి దాకనే చదివిన. నా బిడ్డ పదో తరగతి. అది ఇంగ్లీషు పాఠం చదువుతుంటే తప్పో ఒప్పో నాకు తెల్వది. అడిగితే "నీకేం తెలుసమ్మా" అంటది. ట్యూషన్‌కు పంపాల్నా?
- మెట్‌పల్లి నుంచి ఒక తల్లి

జవాబు: చెల్లె, ట్యూషన్ పైసలు కొన్నాళ్లు దాచిపెట్టు.

రాత్రి నువ్వు చాట ముందర పెట్టుకుని కూర్చున్నప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకో. పాఠం చదవమనకు. తెలుగులో చెప్పమను. మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో. నీకు అర్థం కాలేదంటే దానికీ అర్థం కానట్టే, పుస్తకం తీసి మళ్లీ చూసుకొమ్మను. మధ్యమధ్య "ఎందుకట్ల చేసింది?" అని అడుగు. "అది పాఠంల లేదమ్మా" అంటే వదలకు, నీకేమనిపిస్తదో చెప్పమను. పరీక్షలో తిప్పి తిప్పి అడిగేదీ అదే. అందరూ తడబడేదీ అక్కడే.

వారానికొకసారి నీ పని గురించి ఐదు వాక్యాలు ఇంగ్లీషులో రాయమను. ఆకు తడపడం, కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. ఏది ముందో ఏది తర్వాతో నీకు తెలిసినంత ఏ ట్యూషన్ సారుకూ తెలియదు కాబట్టి అక్కడ తప్పు పట్టేదానివి నువ్వే. దాన్ని తెలుగులో చదివి వినిపించమను. కత్తిరించకుండానే చుట్టేసిందనుకో, నువ్వే నవ్వుతావు. 'బీడీ'కి ఇంగ్లీషు వెతకనక్కర లేదు, బీడీ అనే రాయొచ్చు.

ఏ పాఠంతో మొదలుపెట్టాలంటే, పైన పరకాల బిడ్డ అడిగిన నాటకం చెప్పమను. తండ్రి పోయాడని తెలిసీ తెలియకముందే సామాన్లు సర్దుకునే కూతుళ్లు మెట్‌పల్లిలోనూ ఉంటారు, నీకు ఒకరిద్దరు గుర్తొస్తే పేర్లు మాత్రం పైకి అనకు. పై గదిలోంచి తాళాల గుత్తి తేవడానికి పోయిన మనవరాలు హడలిపోయి పరుగెత్తుకొస్తుంది చూడు, అక్కడ ఆపి, మిగతాది రేపు చెప్పమను.