పాలక మండలిలో ఎవరు కూర్చోవాలి?

ప్రశ్న: యూనివర్సిటీ పాలక మండలి సభ్యులెవరో జీవో వచ్చాకే మాకు తెలుస్తోంది. ఎన్నికలు పెట్టకూడదా? – పూర్వ విద్యార్థి, అనంతపురం

జవాబు: శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు మూడూ 1991 నాటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం కిందికే వస్తాయి. అనంతపురం జేఎన్‌టీయూకి 2008లో వేరే చట్టం చేశారు. 1991 చట్టం ప్రకారం వీసీ (ఉపకులపతి), ఉన్నత విద్య, ఆర్థిక శాఖల అధికారులు హోదా రీత్యా మండలిలో ఉంటారు. మిగతావాళ్లను మూడేళ్లకు ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. అధ్యాపకుల తరఫున కూర్చునే మనిషిని కూడా అధ్యాపకులు ఎన్నుకోరు.

దీని ప్రభావం వీసీ ఎంపిక దాకా పోతుంది. వీసీ పదవికి పేర్లు సూచించే సెర్చ్ కమిటీలో ముగ్గురుంటారు. ఒకరిని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం), ఒకరిని ప్రభుత్వం, ఒకరిని పాలక మండలి పంపుతాయి. మండలిని నింపేదీ ప్రభుత్వమే కాబట్టి ముగ్గురిలో ఇద్దరు ఒకే చోటి నుంచి వచ్చినట్టే. నామినేటెడ్ సభ్యుల గడువు తీరి కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడైతే మండలి పంపే పేరు కూడా అధికారుల మాట మీదే ఖరారవుతుంది. ఇది మారాల్సిందే.

అయితే ఎన్నికలొక్కటే మందు కాదు. మహారాష్ట్రలో 2016 చట్టం ప్రకారం నమోదైన పట్టభద్రులు సెనేట్‌కు (విశ్వవిద్యాలయ ప్రతినిధుల సభకు) పదిమందిని ఎన్నుకుంటారు. ముంబై విశ్వవిద్యాలయంలో ఓటరు జాబితాపై ఫిర్యాదులు రావడంతో 2023లో ఆపేసిన ఎన్నిక 2024 సెప్టెంబరులో గానీ జరగలేదు. పార్టీలు గుంపులుగా పేర్లు చేర్పిస్తే పట్టభద్రుల ఓటు పార్టీల ఓటైపోతుంది. మా మటుకు మేం అధ్యాపకుల స్థానాలకు రహస్య ఓటు కావాలంటాం. మండలిలో ప్రముఖులకు ఇచ్చే స్థానాలకు మాత్రం బహిరంగ దరఖాస్తులే మేలు.

ప్రశ్న: చట్టం మార్చకుండా ఏమైనా చేయొచ్చా? – అధ్యాపకురాలు, కడప

జవాబు: చాలా చేయొచ్చు. అధ్యాపకుల ఓటుకు శాసనసభలో సవరణ తప్పదు. కానీ నామినేట్ చేసే అధికారాన్ని ఏ పద్ధతిలో వాడాలో ప్రభుత్వం ఒక జీవోతో చెప్పొచ్చు. గడువు తీరడానికి ఆరు నెలల ముందే ఖాళీల ప్రకటన, ఒక్కో స్థానానికి అర్హతలు, వచ్చిన దరఖాస్తుల జాబితా, ఎంపికకు కారణం, ఇవన్నీ వెబ్‌సైట్‌లో పెట్టమని అడగండి. అందరి గడువూ ఒకే రోజు తీరితే నామినేటెడ్ స్థానాలన్నీ ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. ఏటా మూడో వంతు సభ్యులు మారేలా నియామకాలు చేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

ఇంకొకటి, మండలిలో కూర్చునే అనుబంధ కళాశాలల కరస్పాండెంట్లు, అంటే యాజమాన్యాల వాళ్లు. అఫిలియేషన్ (కాలేజీకి విశ్వవిద్యాలయ అనుబంధ గుర్తింపు) వ్యవహారం చర్చకొచ్చినప్పుడు సొంత కాలేజీ ఉన్న సభ్యుడు లేచి బయటికి వెళ్లాలి, ఆ సంగతి మినిట్స్‌లో (సమావేశ నమోదులో) రాయాలి. నియామకం నాడే కాలేజీల్లో తనకూ, కుటుంబానికీ ఉన్న వాటాల వివరం రాసివ్వాలి.

‘టేబుల్ అజెండా’ను కూడా వదలొద్దు. ముందుగా పంపిన కాగితాల్లో లేని అంశం మీటింగ్ రోజున సభ్యుల ముందుకొస్తుంది. చదివే తీరిక ఉండదు, చివరి పదినిమిషాల్లో ‘ఆమోదించడమైనది’ అని రాసేస్తారు. నియామకాలు, కొనుగోళ్లు, అఫిలియేషన్లు టేబుల్ అజెండాగా రాకూడదని నియమం పెట్టాలి. సభ్యులను ఎంత బాగా ఎంచుకున్నా, కాగితాలు వారం ముందు చేతికందకపోతే వాళ్లు చేయగలిగేది తక్కువ.

ప్రశ్న: ఇప్పుడున్న మండలి వివరాలు ఎలా రాబట్టాలి? – కర్నూలు పాఠకుడు

జవాబు: సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. విశ్వవిద్యాలయ పౌర సమాచార అధికారి పేరిట రాసి ఇవి అడగండి: సభ్యుల జాబితా, నామినేట్ చేసిన జీవో నకలు, ఒక్కొక్కరి గడువు తేదీ, ఏ స్థానం ఎప్పటి నుంచి ఖాళీ, గత నాలుగు సమావేశాల మినిట్స్, అజెండా పంపిన తేదీలు, టేబుల్ అజెండా అంశాలు.

‘ఫలానా ఆయన్ను ఎందుకు వేశారు?’ అని అడిగితే అది సమాచారం కాదంటూ తిప్పి పంపుతారు. ‘ఆయన నియామకానికి సంబంధించిన నోట్ ఫైలు నకలు’ అని అడగండి. అధికారులు తమ అభిప్రాయాలు రాసే ఆ ఫైలు సాధారణంగా సచివాలయంలో ఉన్నత విద్యాశాఖ దగ్గరుంటుంది కాబట్టి అక్కడికి వేరే దరఖాస్తు పెట్టడం నయం. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు చేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. పోస్టు రసీదు పారేయకండి, 30 రోజుల లెక్క దరఖాస్తు ఆఫీసుకు అందిన తేదీ నుంచి మొదలవుతుంది, అది ఎప్పుడు అందిందో తేల్చడానికి ఆ రసీదు పనికొస్తుంది.