కోకోపీట్‌లో పెట్టిన ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్ వేర్లు నల్లబడుతున్నాయి, బతుకుతుందా?

కొండాపూర్‌లో నాలుగో ఫ్లోర్ తూర్పు బాల్కనీ, కుండీ నిండా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), రోజూ నీళ్ళు, కింది ఆకులు పసుపుపచ్చగా అయ్యి రాలిపోతున్నాయి, కొన్నప్పట్నుంచి ఒక్క పువ్వు కూడా లేదు అన్నారు కదా. బతుకుతుందండి, కాకపోతే ముందు దాన్ని ఆ కోకోపీట్‌లోంచి బయటికి తీయండి, ఇవాళే.

నేను అల్వాల్‌లో ఇదే మొక్క, రింకోస్టైలిస్ రెటుసా, చాలా ఏళ్ళుగా పెంచుతున్నా. ఇది మట్టిలో పెరిగేది కాదు, అడవిలో పెద్ద చెట్ల కొమ్మలు పట్టుకుని పెరుగుతుంది, మన అరకు వైపు కూడా ఉంది, అస్సాంలో బిహూ అప్పుడు అమ్మాయిలు కొప్పులో పెట్టుకునే కొపౌ పువ్వు ఇదే. చెట్టు నుంచి ఏమీ పీల్చుకోదు, వేర్లు గాల్లోనే వేలాడుతూ వాన తడి తాగి గంటల్లో ఆరిపోతాయి. అలాంటి వేర్లని ఎప్పుడూ తడిగా ఉండే కోకోపీట్‌లో పూడిస్తే ఊపిరాడక కుళ్ళిపోతాయి.

బయటికి తీశాక ఒక్కో వేరునీ వేళ్ళతో నొక్కి చూడండి. మెత్తగా నలిగి పైతొక్క ఊడొచ్చి లోపల సన్నటి దారం మాత్రమే మిగిలితే అది చచ్చిపోయినట్టే, కత్తెర స్టవ్ మంట మీద కాల్చి, చల్లారాక కోసేయండి. గట్టిగా ఉన్న వేరు మాత్రం రంగు మారినా ముట్టుకోవద్దు. ఒక రోజు నీడలో ఆరనిచ్చి, బెరడు ఉన్న మామిడి కొమ్మ ముక్కకి పాత కాటన్ చీర పేలికతో కట్టేయండి, లేదంటే చెక్క బుట్టలో నాలుగు పెద్ద బొగ్గు ముక్కలు వేసి కూర్చోబెట్టండి.

నీళ్ళ సంగతి మనకి అసలు కష్టం. వేరు పొడిగా ఉంటే వెండి తెలుపులో ఉంటుంది, తడవగానే చూస్తుండగానే పచ్చబడుతుంది, మొత్తం పచ్చబడేదాకా తడపాలి, మళ్ళీ తెల్లబడ్డాకే ఇంకోసారి. హైదరాబాద్‌లో మార్చి నుంచి మే దాకా గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలుసు కదా, అప్పుడు పొద్దున బాగా తడిపి సాయంత్రం నాలుగింటికల్లా వేర్ల మీద ఇంకోసారి స్ప్రే చేస్తా, చీకటి పడేసరికి ఆకుల మధ్య నీళ్ళు నిలవకుండా చూసుకుంటా, ఎందుకంటే దీనికి పెరిగే మొగ్గ నడినెత్తిన ఒక్కటే, అది కుళ్ళితే మొక్క దక్కడం చాలా కష్టం. చలికాలంలో వారానికి రెండు మూడు సార్లు చాలు. బోరు నీళ్ళయితే వేర్ల మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, ఆర్ఓ వేస్ట్ వాటర్ ఇంకా ఘోరం, ఆ ఉప్పంతా దాంట్లోకే వస్తుంది కాబట్టి అస్సలు పోయకండి. వాన నీళ్ళు పట్టుకోండి, ఎండాకాలం ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి, నేను వాడేది అవే.

పూలు రాకపోవడానికి ఎక్కువగా వెలుతురు చాలకపోవడమే కారణం. ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే నీడ ఎక్కువైనట్టు, లేత గడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టు. మీకు తూర్పు బాల్కనీ ఉండటం అదృష్టమే, తొమ్మిదీ పది దాకా ఎండ తగలనివ్వండి, ఆ తర్వాత ఎండ పడితే 50 శాతం షేడ్ నెట్ కట్టండి. ఎరువుకి తొందర లేదు, వేర్ల చివర్లు కొత్తగా పచ్చగా సాగడం మొదలయ్యాక 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరు నీళ్ళకి అర గ్రాము, వారానికోసారి.

వచ్చే సీజన్‌కి పూలు ఆశించకండి, ముందు వేర్లు రానివ్వండి. నిలదొక్కుకుంటే ఏప్రిల్ నుంచి జూన్ మధ్యలో ఎప్పుడైనా గుత్తి దిగుతుంది, బాగా ముదిరిన మొక్కకి వందకి పైగా చిన్న చిన్న తెల్లటి పూలు, వంకాయ రంగు చుక్కలతో. ఇంకోటి కొనాలనిపిస్తే అడవిలోంచి పీక్కొచ్చినవి కాకుండా నర్సరీలో పెంచినవే అడిగి కొనండి.

కోసేముందు వేర్ల ఫొటో పెట్టండి, ఏవి ఉంచాలో చెప్తా.